ఒక్క యాంప్లిఫయర్, రెండు గదులు, వేర్వేరు ఓమ్‌లు

మా ఇంటి హాల్లో నిలువు స్పీకర్ల జత ఒకటి ఉంది. వెనక రేకు మీద 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. వంటింటి పక్క గదిలో నాన్న ఎప్పుడో కొన్న చిన్న స్పీకర్ల జత ఇంకొకటి. వాటి మీద 4 ఓమ్‌లు అని ఉంటుంది. యాంప్లిఫయర్ మాత్రం ఒకటే. దాని ముందు భాగంలో ‘ఏ’, ‘బీ’ అని రెండు మీటలు, వెనక రెండు జతలకూ విడివిడిగా టెర్మినళ్లు. ఏర్పాటు ఇంత స్పష్టంగా ఉంది కదా అని రెండు జతలూ తగిలించాను. పొద్దున్నే సుప్రభాతం హాల్లోనూ వంటింట్లోనూ వినిపించేసరికి అమ్మ సంతోషించింది. రెండు వారాలు బాగానే నడిచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కచేరీ వింటుండగా లోపల రిలే, అంటే ప్రమాదం వస్తే స్పీకర్లను విడదీసే స్విచ్, ‘టక్’ మని పడింది. రెండు గదులూ ఒకేసారి మూగబోయాయి. శబ్దం పెద్దగా కూడా పెట్టలేదు. పై మూత మీద చెయ్యి ఆనిస్తే నిలవలేనంత వేడి.

ఎవరిని అడిగినా ‘ఓమ్‌లు కలవాలి’ అన్నారు. దేనితో దేన్ని కలపాలో ఎవరూ చెప్పలేదు. హాల్లోని స్పీకరూ వంటింటి స్పీకరూ ఒకదానితో ఒకటి కలవాల్సిన అవసరం నిజానికి లేదు. ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే ముడిలో బిగుసుకుని ఉన్నాయి. రెండు జతలనూ కలిపి యాంప్లిఫయర్ మోయగలదా అన్నది మొదటిది. ఏ గదిలో ఎంత గట్టిగా వినిపిస్తుందన్నది రెండోది. గదికో వాల్యూమ్ ఎలా పెట్టుకోవాలన్నది మూడోది. ఒకదాని జవాబును ఇంకోదానికి అతికించడం వల్లనే ఇంత అయోమయం.

ఆ అంకె చెప్పేది ఏమిటి

స్పీకరు మీద రాసే ఓమ్‌ల అంకె దాని ఇంపిడెన్స్. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని అవరోధం అంటారు. గోదావరి డెల్టాలో కాలువ కింద సేద్యం చూసినవారికి దీన్ని చెప్పడం తేలిక. కాలువలో నీటి మట్టాన్ని వోల్టేజి అనుకోండి. కాలువ గట్టు మీద ఒక్కో చేనికి ఒక్కో తూము. తూము ఇరుకైతే నీరు తక్కువ పారుతుంది, వెడల్పయితే ఎక్కువ పారుతుంది. ఓమ్‌ల అంకె ఆ ఇరుకుదనానికి కొలత. 8 ఓమ్‌ల స్పీకరు ఇరుకు తూము. 4 ఓమ్‌ల స్పీకరు దానికి రెండింతల వెడల్పున్న తూము.

ఇక్కడ ఒక్క సంగతి మనసులో నిలుపుకుంటే మిగతాదంతా దాని వెంటే వస్తుంది. వాల్యూమ్ మీట తిప్పినప్పుడు మనం నిర్ణయించేది వోల్టేజిని మాత్రమే, అంటే కాలువ మట్టాన్ని. ఎంత కరెంటు లాగాలో నిర్ణయించేది స్పీకరు. ఎన్ని తూములు తెరిచినా మట్టం దిగిపోకుండా నిలబెట్టవలసిన భారం యాంప్లిఫయర్‌ది. జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది: వోల్టేజిని ఓమ్‌లతో భాగిస్తే కరెంటు వస్తుంది. వోల్టేజిని వోల్టేజితోనే గుణించి ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయి.

అయితే స్పీకరు మామూలు నిరోధకం లాంటిది కాదు. దాని ఓమ్‌లు స్వరస్థాయిని బట్టి మారుతుంటాయి. 8 ఓమ్‌లు అని రాసిన స్పీకరే, దాని కోన్ సహజంగా ఊగే మంద్రస్థాయి దగ్గర 30 ఓమ్‌లు దాటి పోవచ్చు. ఆ శిఖరం దిగాక 6, 7 ఓమ్‌లకు పడిపోవచ్చు. ఇంకా పైకి వెళితే, కోన్‌ను కదిలించే రాగి చుట్ట అయిన వాయిస్ కాయిల్ ప్రభావంతో మళ్లీ పెరగవచ్చు. వెనక రేకు మీది అంకె ఈ ఎత్తుపల్లాలన్నిటికీ కలిపి పెట్టిన పేరు లాంటిది. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60268-5 ప్రకారం, రాసిన అంకెలో 80 శాతం కంటే కిందికి ఇంపిడెన్స్ ఎక్కడా పడకూడదు. అంటే 8 అని రాసినది 6.4 కంటే, 4 అని రాసినది 3.2 కంటే దిగకూడదు. తయారీదారులందరూ ఈ కట్టుబాటును పాటించరు. కనుక 4 అని రాసి ఉన్న స్పీకరు విషయంలో కొంత జాగ్రత్త వైపే మొగ్గడం మంచిది.

మల్టీమీటరు పెట్టి చూస్తే 8 ఓమ్‌ల స్పీకరు దాదాపు 6, 4 ఓమ్‌ల స్పీకరు మూడు, మూడున్నర చూపిస్తాయి. స్పీకరు పాడైందని కంగారు పడనక్కర్లేదు. మీటరు కొలిచేది రాగి చుట్ట నిరోధాన్ని మాత్రమే. రేకు ఊడిపోయిన పాత స్పీకరు నాలుగుదో ఎనిమిదిదో తేల్చుకోవడానికి ఆ కొలత చాలు.

రెండు తూములు ఒకేసారి తెరిస్తే

చాలా యాంప్లిఫయర్లలో ‘ఏ’, ‘బీ’ రెండూ నొక్కితే రెండు జతలూ సమాంతరంగా కలుస్తాయి. అంటే ఒకే కాలువకు రెండు తూములు. 8, 8 కలిస్తే యాంప్లిఫయర్‌కు కనిపించేది 4 ఓమ్‌లు. 6, 6 కలిస్తే 3. మా ఇంట్లోలా 8, 4 కలిస్తే సుమారు 2.67. రెండు అంకెలను గుణించి, వచ్చినదాన్ని వాటి మొత్తంతో భాగిస్తే సరిపోతుంది: 32ను 12తో భాగించడమే. వచ్చే జవాబు ఎప్పుడూ రెండింటిలో చిన్న అంకె కంటే కూడా చిన్నదిగానే ఉంటుంది.

యాంప్లిఫయర్ 20 వోల్టులు ఇస్తోందనుకుందాం. 8 ఓమ్‌ల స్పీకరు 2.5 ఆంపియర్లు లాగి 50 వాట్లు తీసుకుంటుంది. 4 ఓమ్‌లది 5 ఆంపియర్లు లాగి 100 వాట్లు తీసుకుంటుంది. రెండూ కలిపి 7.5 ఆంపియర్లు, 150 వాట్లు. 50 వాట్ల పని కోసం తయారైన పెట్టె మీద, ఒక మీట నొక్కినందుకు, మూడింతల బరువు పడింది. ఇది ఒక చానల్ లెక్క. స్టీరియోలో కుడి, ఎడమ రెండింటికీ ఇదే వర్తిస్తుంది.

సరే, మరి నేను శబ్దం పెద్దగా పెట్టలేదు కదా, అంత వేడి ఎక్కడిది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. జవాబు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల దగ్గర ఉంది. అవి పవర్ సప్లైకీ స్పీకరుకీ మధ్య తలుపుల్లా నిలబడతాయి. లోపలి సప్లై 40 వోల్టులు ఉండి, ఆ క్షణంలో స్పీకరుకు 10 వోల్టులే కావలసి వస్తే, మిగిలిన 30 వోల్టుల భారాన్ని ట్రాన్సిస్టరే భరించాలి. ఆ 30 వోల్టులను ప్రవహిస్తున్న కరెంటుతో గుణిస్తే వచ్చేదంతా వేడి. పూర్తి శబ్దంలో తలుపు బాగా తెరుచుకుంటుంది కాబట్టి ట్రాన్సిస్టరు మీద మిగిలే వోల్టేజి తక్కువ. బాగా నెమ్మదిగా వింటే కరెంటే తక్కువ. మధ్యస్థాయిలో రెండూ గణనీయంగా ఉంటాయి. ఇళ్లలో ఎక్కువగా వాడే తరహా యాంప్లిఫయర్లలో నిరంతర స్వరం పెట్టి లెక్కిస్తే, గరిష్ఠ శక్తిలో 40 శాతం దగ్గరే ట్రాన్సిస్టర్లు అన్నిటికంటే ఎక్కువగా వేడెక్కుతాయి. ఆ గరిష్ఠ వేడి ఓమ్‌లకు విలోమంగా నడుస్తుంది. 8 ఓమ్‌లు 2.67 అయితే వేడి మూడింతలు.

‘మా ఇంట్లో ఏళ్ల తరబడి ఇలాగే వాడుతున్నాం, ఏమీ కాలేదు’ అనేవారు అబద్ధం చెప్పడం లేదు. స్పీకరుకు 1 వోల్టు చేరే స్థాయిలో వింటే 2.67 ఓమ్‌లు తీసుకునేది అర వాటు కూడా ఉండదు. సంగీతంలో శిఖరాలు క్షణాలు, మిగతాదంతా విరామమే. నెమ్మదిగా వినే ఇంట్లో ఎంత కఠినమైన లోడ్ అయినా, అంటే యాంప్లిఫయర్ మీద స్పీకర్లు మోపే భారం ఎంతైనా, గడిచిపోతుంది. పండగ రోజు చుట్టాలు వచ్చి ఎవరో వాల్యూమ్ కాస్త పెంచి గంటసేపు వదిలేసినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. మంచి పెట్టెలైతే రక్షణ రిలే పడి ఆగిపోతాయి. రక్షణ లేనివాటిలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు షార్టై, సప్లై వోల్టేజి నేరుగా స్పీకరు మీదికి వచ్చి కాయిల్‌ను కాల్చేస్తుంది. యాంప్లిఫయర్‌తో పాటు స్పీకరు కూడా పోవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే.

యాంప్లిఫయర్ వెనక టెర్మినళ్ల దగ్గర చిన్న అక్షరాల్లో ఒక వరస రాసి ఉంటుంది. ఒక జత వాడితే కనీసం 4 ఓమ్‌లు, రెండు జతలు కలిపి వాడితే ఒక్కో స్పీకరు కనీసం 8 ఓమ్‌లు అన్న ధోరణిలో. చాలామంది ఆ రెండో సంఖ్యను మొత్తం లోడ్ అనుకుంటారు. అది ఒక్కో స్పీకరుకు పెట్టిన కనీసం. దాని అసలు అర్థం ‘మొత్తం 4 కంటే తగ్గనివ్వకు’ అనే. ఆ వరస చదివి ఉంటే నాకు ఆ ఆదివారం వచ్చేది కాదు.

కొన్ని యాంప్లిఫయర్లలో ‘ఏ’, ‘బీ’ కలిపి నొక్కితే అవి సమాంతరంగా కాకుండా శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలుస్తాయి. తెలుసుకోవడం సులువు. ‘బీ’కి ఏమీ తగిలించకుండా, ‘ఏ’కి మాత్రమే స్పీకర్లు పెట్టి, రెండు మీటలూ నొక్కండి. పాట ఆగిపోతే శ్రేణి. యథావిధిగా వినిపిస్తే సమాంతరం.

వెనకవైపు 8 నుంచి 4కో 6కో మార్చే ఇంపిడెన్స్ మీట కొన్ని రిసీవర్లకు ఉంటుంది. దాన్ని తక్కువ అంకెకు జరిపితే పెట్టెకు బలం పెరుగుతుందన్న నమ్మకం ఉంది. సాధారణంగా అది చేసేది లోపలి సప్లై వోల్టేజిని తగ్గించడం. కాలువ మట్టమే దించితే ఏ తూములోనైనా నీరు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది, శబ్దపు గరిష్ఠ స్థాయీ తగ్గుతుంది. పెట్టె మోయగల కరెంటు మాత్రం పెరగదు.

మడి నుంచి మడికి

సమాంతరం బరువైతే శ్రేణిలో పెట్టేద్దాం అని చాలామందికి తోస్తుంది. ఒక స్పీకరు గుండా పోయిన కరెంటే రెండోదాని గుండా పోతుంది. పై మడి నిండి పొర్లిన నీరే కింది మడికి చేరినట్టు. 8, 4 కలిపి 12 ఓమ్‌లు. యాంప్లిఫయర్‌కు ఎంతో తేలిక. కానీ వినేవారికి ఇది అన్యాయం. నేను దీన్ని ఎవరికీ సిఫారసు చేయను.

కింది మడి రైతు అవస్థ ఎలాంటిదో చూడండి. పైవాడు మడికి గండి ఎప్పుడు ఎంత తీస్తే కిందివాడికి అంతే. హాల్లోని 8 ఓమ్‌ల స్పీకరు 80 హెర్ట్జ్ దగ్గర 30 ఓమ్‌లకు ఎగిసిందనుకుందాం. అక్కడ వంటింటి స్పీకరుకు దక్కే వాటా మొత్తం వోల్టేజిలో 34వ వంతుల్లో 4 మాత్రమే. స్వరం పైకి వెళ్లి హాల్ స్పీకరు 8కి దిగితే అదే వాటా 12లో 4 అవుతుంది. ఈ రెండు చోట్ల మధ్య తేడా శబ్దపు కొలతలో 9 డెసిబెల్స్. అంటే హాల్లో స్పీకరు స్వభావం వల్ల వంటింట్లో మృదంగం ఎడమ వైపు నాదం సన్నబడిపోతుంది. పాట అదే, స్పీకరు అదే, కానీ గొంతు మారిపోతుంది. పైగా ఒక గదిలో తీగ ఊడితే రెండు గదులూ ఆగిపోతాయి. అన్ని విధాలా ఒకేలాంటి రెండు స్పీకర్లయితే శ్రేణి ఫరవాలేదు. ఎత్తుపల్లాలు రెండింటికీ ఒకటే కాబట్టి ప్రతి స్వరంలోనూ వాటా సగం సగమే. వేర్వేరు స్పీకర్లకు ఆ సమానత్వం దొరకదు.

ఏ గది గట్టిగా వినిపిస్తుంది

సమాంతరంలో 4 ఓమ్‌ల స్పీకరు రెట్టింపు వాట్లు తీసుకుంటుంది కాబట్టి అది రెట్టింపు గట్టిగా ఉంటుందనడం రెండు రకాలుగా పొరపాటు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించడానికి సుమారు 10 డెసిబెల్స్ కావాలి. ఇక రెండో పొరపాటు, స్పీకరు సామర్థ్యాన్ని మరచిపోవడం. స్పీకరు వివరాల్లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఇస్తారు: 2.83 వోల్టులు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ అని. ఆ 2.83 వోల్టులు 8 ఓమ్‌ల మీద 1 వాటు, 4 ఓమ్‌ల మీద 2 వాట్లు. ఓమ్‌ల తేడా ఆ కొలతలోనే కలిసి ఉంది. రెండు జతలూ ఒకే వోల్టేజి మీద నడుస్తున్నాయి కనుక ఆ అంకెలను నేరుగా పోల్చవచ్చు. హాల్లోది 90, వంటింటిది 86 అయితే, సగం వాట్లే తీసుకుంటున్న హాల్ స్పీకరే 4 డెసిబెల్స్ గట్టిగా ఉంటుంది. గది పరిమాణం, కర్టెన్లు, ఎంత దూరంలో కూర్చుంటామన్నది ఆ తర్వాతి సంగతి.

మైక్ సెట్ వారికి ఎప్పుడో తెలిసిన లెక్క

ఊళ్లలో జాతరకూ పెళ్లికీ మైక్ సెట్ కట్టేవారి యాంప్లిఫయర్ వెనక చూడండి. 4, 8, 16 ఓమ్‌లు అని వరసగా టెర్మినళ్లు ఉంటాయి. పక్కనే 70 వోల్టులు, 100 వోల్టులు అని ఇంకో రెండు. హారన్లకు పెట్టే యూనిట్లు సాధారణంగా 16 ఓమ్‌లవి. ఒక హారన్ కడితే 16లో, రెండు సమాంతరంగా కడితే 8లో, నాలుగు కడితే 4లో తీగ పెట్టాలని ఆ పనిలో పెరిగిన కుర్రవాడికి ఎవరూ సూత్రం చెప్పనక్కర్లేదు. ఒక 16కి ఒక 8 కలిపితే అయిదు చిల్లర వస్తుంది. అప్పుడు దానికి దిగువనున్న 4లో పెడతారు. అనుభవంతో వచ్చిన ఈ జ్ఞానాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. ఇంటి హైఫై గురించి గంటలు మాట్లాడేవారిలో చాలామందికి ఈ లెక్క ఇంత అలవోకగా రాదు.

ఆ సౌకర్యానికి కారణం ఆ పెట్టెల్లో అవుట్‌పుట్ దగ్గర ఉండే ట్రాన్స్‌ఫార్మర్. ఒక్కో టెర్మినల్ ఆ చుట్టలో ఒక్కో చోటి నుంచి బయటికి వస్తుంది. మన ఇళ్లలోని ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లకు ఆ ట్రాన్స్‌ఫార్మర్ లేదు, అందుకే ఆ ఎంపికా లేదు. వాల్వు యాంప్లిఫయర్లకు ఉంటుంది. వాటితో ప్రమాదం తిరగబడి ఉంటుంది: స్పీకరు తగిలించకుండా పాట పెడితే ట్రాన్స్‌ఫార్మర్‌కే ముప్పు.

100 వోల్టుల లైను ఇంకా అందమైన ఉపాయం. ఫంక్షన్ హాలు పైకప్పులోని స్పీకర్లూ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం స్పీకర్లూ ఎక్కువగా దీని మీదే నడుస్తాయి. ప్రతి స్పీకరుకూ సొంతంగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అందులో 3 వాట్లు, 6 వాట్లు, 10 వాట్లు అని ఎంపికలు. 10 వాట్ల ఎంపిక లైనుకు 1000 ఓమ్‌లుగా కనిపిస్తుంది. ఇక ఓమ్‌లు మరచిపోయి వాట్లు కూడుకోవడమే. 12 స్పీకర్లు, ఒక్కోదానికి 6 వాట్లు: మొత్తం 72. 100 వాట్ల యాంప్లిఫయర్ హాయిగా సరిపోతుంది. లోపలి స్పీకరు 4 అయినా 8 అయినా దాని ట్రాన్స్‌ఫార్మర్ చూసుకుంటుంది. తక్కువ శబ్దం కావలసిన గదిలో 3 వాట్ల చుట్టకు మారిస్తే చాలు. ఆరేడు గదుల్లో సన్నగా పాటలు వినిపించాలనుకునే పెద్ద ఇంటికీ హోటలుకూ నేను సూచించేది ఇదే. హాల్లో తీరిగ్గా కూర్చుని వినే సంగీతానికి మాత్రం ఈ దారి వద్దు. చవక ట్రాన్స్‌ఫార్మర్లు మంద్రస్థాయిని మోయలేవు.

ఇదే సూత్రాన్ని ఇంటి స్థాయికి దించితే గోడ మీద పెట్టే ఆటోట్రాన్స్‌ఫార్మర్ వాల్యూమ్ కంట్రోల్ అవుతుంది. ఇది మూడో ప్రశ్నకు, అంటే గదికో వాల్యూమ్ అన్నదానికి కూడా జవాబు. దాని వెనక జంపర్ అని, చోటు మార్చి గుచ్చే చిన్న ముక్క ఉంటుంది: రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు అని. స్పీకరు ఓమ్‌లను అన్ని రెట్లు పెంచి యాంప్లిఫయర్‌కు చూపిస్తుంది. మా ఇంటి లెక్కే వేద్దాం. 8 ఓమ్‌ల హాల్ స్పీకరును రెండింతలకు పెడితే 16గా కనిపిస్తుంది. 4 ఓమ్‌ల వంటింటి స్పీకరును నాలుగింతలకు పెడితే అదీ 16. రెండూ సమాంతరంగా కలిసి 8. యాంప్లిఫయర్‌కు ఒక్క మామూలు స్పీకరే తగిలించినట్టు. ఇంకా ముచ్చటైన సంగతి ఏమిటంటే, 20 వోల్టుల దగ్గర హాల్ స్పీకరుకు సుమారు 14 వోల్టులు, వంటింటి స్పీకరుకు 10 వోల్టులు చేరతాయి. లెక్క కడితే రెండింటికీ సమానంగా 25 వాట్లు. మీట కిందికి తిప్పిన కొద్దీ యాంప్లిఫయర్‌కు కనిపించే ఓమ్‌లు ఇంకా పెరుగుతాయి, భారం ఇంకా తగ్గుతుంది. మూల్యం మాత్రం ఉంది. మొత్తం శబ్దం తగ్గుతుంది, బాగా పెద్దగా పెడితే ఆ చిన్న ఇనుప కోర్ మంద్రస్థాయి దగ్గర చాలదు.

ఏ గది స్పీకర్లు మోగాలో ఎంచుకునే స్పీకర్ సెలెక్టర్ పెట్టెలు కూడా మార్కెట్లో దొరుకుతాయి, వాటిలో కొన్నింటికి ‘ప్రొటెక్షన్’ అనే మీట ఉంటుంది. అది నొక్కితే స్పీకర్లకు ముందు ఒక నిరోధకం చేరుతుంది. రక్షణ నిజమే. కానీ 4 ఓమ్‌ల స్పీకరు ముందు 4 ఓమ్‌ల నిరోధకం చేరితే మనం పంపిన శక్తిలో సగం ఆ నిరోధకాన్నే వేడెక్కిస్తుంది. స్వరాన్ని బట్టి వాటా మారే శ్రేణి జబ్బు కూడా కొంతవరకు అంటుకుంటుంది. రెండు జతలను ఎప్పుడూ ఒకేసారి వినని ఇంట్లో అయితే సెలెక్టర్ కూడా అవసరం లేదు. ‘ఏ’ లేదా ‘బీ’, ఒకటి తీసి ఇంకోటి నొక్కితే ఓమ్‌ల చిక్కే ఉండదు.

నేను చివరికి చేసినది

గదికో యాంప్లిఫయర్. హాల్లోని పాత యాంప్లిఫయర్‌ను 8 ఓమ్‌ల జతకే వదిలేశాను. దాని వెనక టేప్ రికార్డింగ్ కోసం ఇచ్చిన లైన్ అవుట్ నుంచి ఒక తీగ లాగి, వంటింటి పక్క గదిలో క్లాస్ డి అనే, తక్కువ వేడెక్కే తరహా చిన్న యాంప్లిఫయర్‌కు ఇచ్చాను. ఇలాంటి బోర్డులు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల సులువుగా దొరుకుతాయి. ఇప్పుడు ప్రతి యాంప్లిఫయర్‌కూ తన జత ఒక్కటే లోడ్. రెండు అంకెలూ ఎక్కడా కలవవు. లైన్ అవుట్ మీద హాల్ వాల్యూమ్ ప్రభావం ఉండదు కాబట్టి వంటింటి శబ్దం అమ్మ చేతిలోనే ఉంటుంది. మూడు ప్రశ్నలూ ఒకేసారి తీరాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీటలు, సెలెక్టర్ పెట్టె కొనేదాని కంటే ఖర్చు ఎక్కువేమీ కాలేదు. జూమ్‌మని హమ్ వస్తే రెండు పెట్టెలనూ ఒకే ప్లగ్ బోర్డు నుంచి నడపడంతో, లేదా లైను మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడంతో తగ్గుతుంది.

ఈ దారిలో ఒక గుంట ఉంది. దాని గురించి గట్టిగా చెప్పాలి. చిన్న క్లాస్ డి యాంప్లిఫయర్లలో చాలావాటి అవుట్‌పుట్ బ్రిడ్జ్ పద్ధతిలో ఉంటుంది. అంటే స్పీకరు మైనస్ తీగ గ్రౌండ్ కాదు. అందులోనూ సిగ్నల్ నడుస్తుంటుంది. పాత ఇళ్లలో గోడ లోపల స్పీకర్ల కోసం మూడు తీగలే వేసి ఉంటారు: ఎడమ ప్లస్, కుడి ప్లస్, రెండింటికీ ఉమ్మడి మైనస్. మా వంటింటి పక్క గదిలోనూ అలాగే ఉంది. దానికి బ్రిడ్జ్ యాంప్లిఫయర్ తగిలిస్తే రెండు చానళ్ల మైనస్‌లు ఒకదానితో ఒకటి షార్ట్ అవుతాయి. మైనస్‌ను గ్రౌండ్‌కు కలిపినా, రెండు యాంప్లిఫయర్ల అవుట్‌పుట్‌లను ఒకే స్పీకరుకు కలిపినా ఫలితం అంతే. కొత్త తీగ లాగించాకే నేను స్విచ్ వేశాను. ఇంకో సంగతి: బ్రిడ్జ్‌లో ప్రతి సగానికీ స్పీకరు ఓమ్‌లు సగంగానే కనిపిస్తాయి. 4 ఓమ్‌ల స్పీకరు 2గా. కాబట్టి అలాంటి పెట్టె మీద కనీసం 4 అని రాసి ఉంటే అక్కడితో ఆగాలి. ఇంకో స్పీకరును సమాంతరంగా కలపవద్దు.

తీగ మందం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గది దూరమైతే తీగ కూడా లోడ్‌లో భాగమే. 1.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తని రాగి తీగకు కిలోమీటరుకు దాదాపు 13.3 ఓమ్‌లు. 15 మీటర్ల దూరంలోని గదికి పోవడం, రావడం కలిపి 30 మీటర్లు: 0.4 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరుకు అది 5 శాతం, సరే అనుకోవచ్చు. 4 ఓమ్‌ల స్పీకరుకు 10 శాతం, ఎక్కువే. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 6 శాతానికి, 4 వేస్తే 4 శాతానికి దిగుతుంది. తక్కువ ఓమ్‌ల స్పీకర్లను దగ్గర గదిలోనూ ఎక్కువ ఓమ్‌లవాటిని దూరపు గదిలోనూ పెట్టుకునే వీలుంటే సగం చిక్కు అక్కడే పోతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను రాగి తీగ అని అమ్మేవారున్నారు. దాని నిరోధం ఎక్కువ. కోసి చూస్తే తీగ లోపల తెల్లగా మెరుస్తుంది. స్పీకరు తీగను కరెంటు తీగలు పోయే గొట్టంలోనే దూర్చడానికి ఎలక్ట్రీషియన్ సిద్ధపడతాడు. ఒప్పుకోకండి. 230 వోల్టుల తీగ తొడుగు ఎక్కడైనా చిరిగితే స్పీకరు టెర్మినల్ ముట్టుకున్నవారికి ప్రాణాపాయం.

తీగలు గోడలోంచి లాగిన తర్వాత, యాంప్లిఫయర్‌కు తగిలించడానికి ముందు, ఆ చివరన ఒకసారి మల్టీమీటరు పెట్టండి. 8 ఓమ్‌ల జతలో ఒక్కో స్పీకరుకు ఆరు దగ్గర, 4 ఓమ్‌ల జతలో మూడు, మూడున్నర దగ్గర, దానికి తీగ నిరోధం కొంత కలిపి కనిపించాలి. అనంతం చూపిస్తే ఎక్కడో తీగ ఊడింది. సున్నా, అర ఓమ్ చూపిస్తే ప్లస్, మైనస్ ఎక్కడో తాకుతున్నాయి. రెండు గదుల స్పీకర్లు తెలియకుండా సమాంతరంగా కలిసిపోయి ఉంటే రెండుకు కాస్త పైన చూపిస్తుంది. అది ఎక్కడ కలిసిందో వెతికి విడదీసే దాకా యాంప్లిఫయర్ స్విచ్ వేయకండి.